సైకిల్ స్టాండులో తాతగారు: జపాన్‌లో నేను చూసిన మూడు వయసులు

ఈ ఎపిసోడ్‌లో రాజులూ యుద్ధాలూ ఏమీ లేవు. ఒక సైకిల్ స్టాండు దగ్గర మొదలుపెట్టి, చివరికి మళ్ళీ అక్కడికే వస్తాను. మధ్యలో ఓ డెబ్భై ఎనభై ఏళ్ళ జపాన్ చరిత్ర చెప్పుకుందాం.

ఉద్యోగం పని మీద నేను కొన్నేళ్ళు టోక్యోలో ఉన్నాను. నగరానికి తూర్పు వైపు ఎడొగావా అని ఒక వార్డు ఉంది. అందులో నిషికసాయి స్టేషన్ చుట్టుపక్కల మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆదివారం సాయంత్రం అక్కడి పార్కులో నడుస్తుంటే హిందీ, తమిళం, తెలుగు అన్నీ చెవిన పడతాయి. నేనుండేది అక్కడే. రోజూ పొద్దున సైకిల్ మీద స్టేషన్‌కి వెళ్ళి, సైకిల్ అక్కడ పెట్టి, రైలెక్కేవాణ్ణి.

ఆ పది పదిహేను నిమిషాల దారిలో నాకు మూడు వయసుల వాళ్ళు కనిపించేవారు. మొదటిది పిల్లలు. ఆరేడేళ్ళ పిల్లలు, నెత్తిన పసుపుపచ్చ టోపీ, వీపున పెట్టెలాంటి స్కూలు బ్యాగు. పక్కన అమ్మా లేదు, నాన్నా లేదు, ఆటో అసలే లేదు. తమంతట తామే నడిచి వెళ్ళిపోతుంటారు. రెండోది ముసలివాళ్ళు. రోడ్డు దాటే చోట చిన్న జెండా పట్టుకుని నిలబడేది వాళ్ళే. సైకిల్ స్టాండులో ఒక్కో సైకిలూ సర్ది, వచ్చినవాళ్ళందరికీ తల వంచి శుభోదయం చెప్పేది వాళ్ళే. అందరూ డెబ్భైకి అటూ ఇటూ. మూడోది, రైల్లో నిలబడి కునుకు తీసే నడివయసు వాళ్ళు. ఒక్కళ్ళూ మాట్లాడరు.

నేనక్కడ పరాయివాణ్ణి. పరాయివాడికి ఒక సౌకర్యం ఉంటుంది, ఒక ఇబ్బంది కూడా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళ కంటికి ఆననివి అతనికి కనబడతాయి, అది సౌకర్యం. కనబడ్డ ప్రతిదానికీ అక్కడికక్కడే ఒక కారణం కల్పించుకుంటాడు, అది ఇబ్బంది. నేనూ కల్పించుకున్నాను. "వీళ్ళ సంస్కృతే అంత. పిల్లలకి చిన్నప్పటి నుంచే ధైర్యం నేర్పుతారు. ముసలివాళ్ళకి పనంటే ప్రాణం." ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే చెప్పేవాణ్ణి.

మా నాన్నగారు ప్రభుత్వాఫీసులో పనిచేసి 58 ఏళ్ళకి రిటైరయ్యారు. ఒకరోజు సైకిల్ స్టాండు తాతగారి గురించి నేను మురిసిపోతూ చెబుతుంటే అంతా విని, "బాగానే ఉంది గానీ, ఆయనకి పెన్షన్ ఎంతొస్తుందిరా?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి గురించి ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. ఆ రోజు నుంచీ నేను సంస్కృతి అనే మాట కాస్త పక్కన పెట్టి, ఈ మూడు వయసుల వెనకా ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను. ఈ ఎపిసోడ్ అదే.

ముందు పిల్లల సంగతి. వాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారంటే ఆ రోడ్డు ఎప్పుడూ అలాగే ఉండేదని కాదు. 1950లు, 60లలో జపాన్‌లో కార్లు ఒక్కసారిగా పెరిగాయి. ఫుట్‌పాత్‌లు లేవు, సిగ్నళ్ళు చాలవు. రోడ్డు ప్రమాదాల్లో ఎంతమంది పోయేవారంటే, పత్రికలు దానికి "ట్రాఫిక్ యుద్ధం" అని పేరు పెట్టాయి. 1970లో ఒక్క ఏడాదిలోనే 16,765 మంది చనిపోయారు. పసుపు టోపీలు, జెండాలు, పిల్లలంతా ఒక జట్టుగా బడికి వెళ్ళే పద్ధతి, పాదచారుల వంతెనలు ఇవన్నీ ఆ భయం ఊళ్ళల్లో ఊరించి, విసిగించి చేయించిన ఏర్పాట్లు.

రోడ్డు దాటే చోట జెండా పట్టుకునే మనిషికీ ఒక చరిత్ర ఉంది. 1959లో టోక్యో నగర ప్రభుత్వం ఈ పనికి ఆడవాళ్ళని పెట్టింది. జనం వాళ్ళని "ఆకుపచ్చ ఆంటీలు" అనేవారు. పిల్లల రక్షణ ఒక్కటే కాదు దాని ఉద్దేశం. భర్త పోయి, పిల్లల్ని సాకాల్సిన ఆడవాళ్ళకి ఏదో ఒక పని చూపించాలి. యుద్ధం అయి అప్పటికి పద్నాలుగేళ్ళే, అలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. అంటే ఒక వయసు పిల్లల భద్రత, ఇంకో వయసు వాళ్ళ అవసరంతో ముడిపడింది. ఈ ముడి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

పిల్లల గురించే ఇంకొక్క మాట. 1949లో జపాన్‌లో పుట్టినవాళ్ళు దాదాపు 27 లక్షలు. 2024లో పుట్టినవాళ్ళు 7 లక్షల లోపే. అంటే నాలుగో వంతు. మధ్యలో 1966లో ఒక వింత జరిగింది. అరవై ఏళ్ళకోసారి వచ్చే "అగ్ని గుర్రం" సంవత్సరం అది. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని అక్కడొక నమ్మకం. మన దగ్గర మూలా నక్షత్రంలో పుట్టిన అమ్మాయి మామగారికి ఆగదని అంటారు చూడండి, అలాంటిదన్నమాట. ముందు ఏడాది 18 లక్షల మంది పుడితే, ఆ ఏడాది 13 లక్షల 60 వేలకి పడిపోయింది. బుల్లెట్ రైళ్ళు నడుస్తున్న దేశంలో! కానీ ఆ మరుసటి ఏడే జననాలు మళ్ళీ లేచాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన తగ్గుదల అలా కాదు. దానికి ఏ గుర్రమూ అక్కర్లేదు. ఉద్యోగం, ఇంటి అద్దె, చదువుల ఖర్చు, ఆలస్యమయ్యే పెళ్ళిళ్ళు చాలు.

ఇప్పుడు ముసలివాళ్ళ దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

జపాన్‌లో సెప్టెంబరులో వృద్ధుల గౌరవ దినమని జాతీయ సెలవు ఉంది. ఇదేదో కన్ఫ్యూషియస్ కాలం నాటిదని నేననుకున్నాను. కాదు. 1947లో హ్యోగో ప్రాంతంలోని నొమదాని అనే చిన్న ఊళ్ళో మొదలైంది. యుద్ధంలో ఓడిపోయి రెండేళ్ళయింది. ఆ ఊరి పెద్ద, వయసులో కుర్రాడే, ఊళ్ళో పెద్దవాళ్ళని పిలిచి భోజనం పెట్టి గౌరవించాడు. అది పక్క ఊళ్ళకి పాకి, 1966లో దేశమంతటికీ సెలవైంది. ఇందులో నన్ను ఆపేసిన వివరం ఒకటుంది. ఆ మొదటి విందుకి పిలిచిన పెద్దవాళ్ళ వయసెంతో తెలుసా? 55 దాటినవాళ్ళు! ఆ ఏడు జపాన్‌లో మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 50 ఏళ్ళు, ఆడవాళ్ళది 54. అంటే 55 అప్పుడు నిజంగానే ముసలితనం.

కంపెనీల్లో రిటైర్మెంటు వయసు కూడా చాలాకాలం 55గానే ఉండేది. ఆయుర్దాయం పెరుగుతూ పోయింది, ఆ 55 మాత్రం కదల్లేదు. 55 అంటే మన పెద్దవాళ్ళకి ఇంకోటి గుర్తొస్తుంది. 1983లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం రాగానే ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించింది. కుర్రవాళ్ళకి ఉద్యోగాలు రావాలనేది వాదన. తర్వాత మళ్ళీ 58 చేశారు. ఇప్పుడు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో ఒంట్లో కీళ్ళు చెప్పేలోపే ప్రభుత్వ ఉత్తర్వు చెబుతుంది.

జపాన్‌లో ఆ ఉత్తర్వులు ఎలా మారాయో చూడండి. 1986 చట్టం కంపెనీలని 60 దాకా ఉంచడానికి ప్రయత్నించమంది. 1998 నుంచి 60 కంటే తక్కువ పెట్టకూడదంది. 2013 నుంచి, ఉంటానన్నవాళ్ళని 65 దాకా పనిలో ఉంచాల్సిందే అంది. 2021 నుంచి 70 దాకా వీలు కల్పించడానికి ప్రయత్నించమంటోంది. ఎందుకిలా? ఈలోపు పెన్షన్ మొదలయ్యే వయసు 60 నుంచి మెల్లగా 65కి జరుగుతూ వచ్చింది. జీతం ఆగిన రోజుకీ పెన్షన్ మొదలయ్యే రోజుకీ మధ్య ఖాళీ మిగిలితే మనిషి ఏం తింటాడు? అదీ లెక్క.

మధ్యలో ఒక మంచి రోజు కూడా వచ్చింది. 1973ని అక్కడ "సంక్షేమానికి మొదటి ఏడు" అంటారు. ఆ జనవరి నుంచి 70 దాటినవాళ్ళకి వైద్యం ఉచితం చేశారు. ఆసుపత్రి వరండాలు మన ఊరి రచ్చబండల్లా అయిపోయాయి. ఒక జోకు ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఫలానా ఆయన ఈరోజు ఆసుపత్రికి రాలేదేం?" "పాపం, ఒంట్లో బాగోలేదేమో!" అదే ఏడు చమురు ధరలు పేలిపోయాయి. పదేళ్ళు తిరిగేసరికి, 1983 ఫిబ్రవరి నుంచి, మళ్ళీ కొంత డబ్బు కట్టాల్సొచ్చింది.

ఆ 1973లోనే, సెప్టెంబరు 15న, టోక్యో చూఓ లైను రైళ్ళలో పెద్దవాళ్ళకి కొన్ని సీట్లు విడిగా పెట్టారు. మిగతా సీట్లకంటే తేడాగా కనబడాలి కదా. బుల్లెట్ రైళ్ళ సీట్లకి వాడగా మిగిలిన వెండి రంగు గుడ్డ ఉంటే, అది కప్పారు. వాటికి సిల్వర్ సీట్లని పేరొచ్చింది. అక్కణ్ణించి జపాన్‌లో సిల్వర్ అంటే ముసలితనం అనే అర్థం స్థిరపడిపోయింది. నెరిసిన జుట్టు వల్ల వచ్చిందని నేననుకున్నాను. మిగిలిపోయిన సీటు గుడ్డ వల్ల వచ్చిందట!

ఈ సిల్వర్ అనే మాటే నా సైకిల్ స్టాండుకి దారి తీస్తుంది. అక్కడి తాతలు ఏ కంపెనీ ఉద్యోగులూ కారు. వాళ్ళని పంపేది సిల్వర్ మానవ వనరుల కేంద్రం. దేశమంతా ఊరూరా ఉంటాయివి. 60 దాటినవాళ్ళు సభ్యులుగా చేరతారు. తోటపని, ఊడ్చే పని, సైకిల్ స్టాండు, చెట్ల కొమ్మలు కత్తిరించడం, ఇలాంటివి. నెలకి సుమారు పది రోజుల పని. చేతికొచ్చేదాన్ని జీతమనరు, వాటా అంటారు. ఇలాంటి సంఘం మొట్టమొదట 1975లో ఏర్పడింది ఎక్కడో కాదు, నేనున్న ఎడొగావా వార్డులోనే. ఆ వార్డు వాళ్ళు ముసలివాళ్ళు అనే మాట వాడరు. జుకునెన్ అంటారు, అంటే పండిన వయసు అని. మనం పండు ముసలి అంటాం కదా, అదే ఊహ. కాకపోతే వాళ్ళు పండు ఉంచి ముసలి తీసేశారు.

ఈ సంఘాల వెనక ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఓకోచి కజువొ అని ఆర్థికవేత్త. పూర్తి ఉద్యోగానికీ పూర్తి విశ్రాంతికీ మధ్య ఇంకో దారి ఉండాలి, ఒంట్లో ఓపిక ఉన్నంత మేరకు ఊరికి పనికొచ్చే పని చేయాలి, దాన్ని పెద్దవాళ్ళే నడుపుకోవాలి అనేది ఆయన ఆలోచన. ఇదే మనిషి అంతకుముందు టోక్యో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు. 1968 నవంబరులో, విద్యార్థుల పోరాటం ఉధృతంగా ఉన్నప్పుడు, ఆ పదవి వదిలి దిగిపోయాడు. కుర్రవాళ్ళ కోపం ముందు పదవి పోగొట్టుకున్న మనిషి, తర్వాత కాలమంతా ముసలివాళ్ళ పని గురించి ఆలోచించాడన్నమాట.

ఇక్కడ మూడో వయసు, కుర్రవాళ్ళ మాట వస్తుంది. మొదట్లో నాకు వింతగా అనిపించింది అదే. ఇంత పెద్ద నగరంలో కుర్రవాళ్ళ గొంతు వినబడదేమిటి? మన దగ్గర ఏ బందైనా, ఏ ఊరేగింపైనా ముందుండేది వాళ్ళే కదా. అక్కడ ఒకసారి పార్లమెంటు దగ్గర ఒక నిరసన చూశాను, ప్లకార్డులు పట్టుకున్నవాళ్ళలో సగానికి పైగా తల నెరిసినవాళ్ళే. నేను మళ్ళీ కారణం కల్పించుకున్నాను, జపాన్ కుర్రవాళ్ళు అణకువగలవాళ్ళని.

చరిత్ర అలా చెప్పదు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా లక్షలమంది వీధుల్లోకొచ్చారు. ఆ జూన్ 15న పార్లమెంటు ఆవరణలో కంబా మిచికో అనే విద్యార్థిని చనిపోయింది. 1969 జనవరిలో టోక్యో విశ్వవిద్యాలయంలోని యసుదా హాలు మీద విద్యార్థులకీ పోలీసులకీ రెండు రోజులు యుద్ధమే జరిగింది. ఆ ఏడు అక్కడ ప్రవేశ పరీక్షే రద్దయింది. ఓట్ల సంగతి చూడండి. 1967 సాధారణ ఎన్నికల్లో ఇరవైల్లో ఉన్నవాళ్ళలో 66 శాతం ఓటేశారు. 2021కి వచ్చేసరికి అదే వయసువాళ్ళలో 36 శాతం. అరవైల్లో ఉన్నవాళ్ళు 71 శాతం. మధ్యలో 2016లో ఓటు వయసు 20 నుంచి 18కి తగ్గించారు కూడా.

ఇప్పుడు ఒక చిన్న కూడిక వేయండి. 1947, 48, 49లలో పుట్టినవాళ్ళని అక్కడ "ముద్ద తరం" అంటారు, అంతమంది ఒకేసారి పుట్టారని. 1969లో రాళ్ళు విసిరింది వాళ్ళే. 2025 నాటికి వాళ్ళంతా 75 దాటారు లేదా 75కి వచ్చారు. అంటే నేను చూసిన తల నెరిసిన నిరసనకారులు, ఓటు మానని ముసలివాళ్ళు, సైకిల్ స్టాండులో జాకెట్టు వేసుకున్న తాతలు, వీళ్ళల్లో చాలామంది ఆనాటి కుర్రవాళ్ళే! నేను వయసుని ఒక కులంలా చూశాను. పిల్లలు ఒక జాతి, ముసలివాళ్ళు ఒక జాతి అన్నట్టు. వాళ్ళు జాతులు కారు, ఒకే వరసలో ముందో వెనకో నడుస్తున్న మనుషులు.

అప్పుడు ధైర్యం చేసి సైకిల్ స్టాండు తాతగారిని అడిగాను. పేరు చెప్పను. మూడేళ్ళలో నమస్కారం తప్ప మాట్లాడింది లేదు. "మీరు 1969లో ఏం చేస్తున్నారు?" అన్నాను. ఆయన నవ్వేశారు. పుట్టింది ఉత్తరాన అవొమొరిలో, 1948లో. పదిహేనేళ్ళకి, 1964 వసంతంలో, బడి అవగానే ఉద్యోగాల రైలెక్కారు. అప్పట్లో పల్లెల నుంచి పదిహేనేళ్ళ పిల్లల్ని రైళ్ళ నిండా ఎక్కించి టోక్యో ఉయెనో స్టేషన్లో దింపేవారు. తక్కువ జీతానికి దొరికే ఆ పిల్లల్ని "బంగారు గుడ్లు" అనేవారు. ఆ తరంలో అయిదుగురిలో సుమారు నలుగురు కాలేజీ మొహం చూడలేదు. "యూనివర్సిటీ పిల్లలు రాళ్ళేస్తున్నప్పుడు నేను లేత్ మిషను ముందు నుంచున్నానండీ" అన్నారు.

తర్వాత సొంతంగా చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నారు. పని తగ్గి మూసేశారు. సొంత వ్యాపారం కాబట్టి కంపెనీ పెన్షన్ లేదు, ప్రభుత్వ మూల పెన్షనొక్కటే. అది నలభై ఏళ్ళు పూర్తిగా కట్టినవాళ్ళకి కూడా 2024లో నెలకి 68,000 యెన్. టోక్యోలో ఒక చిన్న గది అద్దెకే అందులో పెద్ద వాటా పోతుంది. "అయితే డబ్బు కోసమే చేస్తున్నారా?" అన్నాను. కాసేపు ఆలోచించారు. "సగం. మిగతా సగం... ఇంట్లో ఉంటే మా ఆవిడకి అడ్డం. ఇక్కడైతే పొద్దున నాలుగొందలమంది నాకు శుభోదయం చెబుతారు."

ఈ జవాబు మా నాన్నగారి ప్రశ్నకీ సరిపోయింది, నా మురిపానికీ సరిపోయింది. రెండిట్లో ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదు. 2023లో జపాన్‌లో 65 దాటి పనిచేస్తున్నవాళ్ళు 91 లక్షలకి పైనే, ఆ వయసువాళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు. అందులో ఎవరిది ఎంత అవసరం, ఎంత ఇష్టం అని వేరుచేసి చెప్పే గణాంకం ఉండదు. చాలామంది విషయంలో అవి ఒకే మనిషిలో కలిసి ఉంటాయి.

నాలాగా పొరబడ్డవాళ్ళు కొత్తేమీ కాదు. రూత్ బెనెడిక్ట్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1946లో జపాన్ మీద ఒక పుస్తకం రాసింది, చాలా పేరున్న పుస్తకం. ఆవిడ జపాన్‌లో అడుగే పెట్టలేదు. యుద్ధకాలం, వెళ్ళే వీల్లేదు. అందులో ఆవిడ చెప్పేదేమిటంటే, అక్కడ మనిషికి స్వేచ్ఛ పసితనంలోనూ ముసలితనంలోనూ ఎక్కువ, నడివయసులో కనిష్ఠం, గీత గీస్తే ఆవు కొమ్ముల్లా రెండు చివర్లా లేచి ఉంటుందని. నా రైల్లో కునికే నడివయసు వాళ్ళని చూస్తే ఆవిడ మాట నిజమే అనిపిస్తుంది. కానీ ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే ఆ ఊళ్ళో 55 ఏళ్ళవాళ్ళని ముసలివాళ్ళని పిలిచి విందు పెట్టారు. ఇప్పుడు 55 అంటే కునుకు తీసే రైల్లో ఉంటాడు మనిషి, ఇంకా పదిహేనేళ్ళు దిగడు. కొమ్ము అలాగే ఉందనుకున్నా, అది మొదలయ్యే చోటు జరిగిపోయింది.

ఇంకొక్క సంగతి. 1963లో జపాన్‌లో వందేళ్ళు నిండినవాళ్ళు 153 మంది. ప్రధాని ఒక్కొక్కరికీ వెండి కప్పు పంపేవాడు. 2024లో వాళ్ళ సంఖ్య 95,119. కప్పు ఇప్పటికీ పంపుతారు. కాకపోతే 2016 నుంచి అచ్చం వెండి కాదు, వెండి పూత. గౌరవం తగ్గిందని నేననను. గౌరవించాల్సిన వాళ్ళు ఎక్కువైనప్పుడు గౌరవానికీ బడ్జెట్ కావాలి.

ఇదంతా మనకెందుకంటారా? జపాన్ జనాభాలో 65 దాటినవాళ్ళు 7 శాతం నుంచి 14 శాతం అవడానికి 1970 నుంచి 1994 దాకా, 24 ఏళ్ళే పట్టింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో ఎత్తేసింది. అంటే ఆ రైలు మన స్టేషనుకి కూడా బయల్దేరింది. మన ముసలివాళ్ళలో ప్రభుత్వ పెన్షన్ ఉన్నవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళకి పొలం, కొడుకులు, నెల నెలా వచ్చే సామాజిక పింఛను. వాళ్ళు ఎప్పుడూ రిటైరవలేదు, కాబట్టి వాళ్ళు పనిచేస్తుంటే మనకి వింతగా అనిపించదు. పరాయి దేశంలో చూస్తే క్రమశిక్షణ అంటాం, మన వీధిలో డెబ్భై ఏళ్ళ వాచ్‌మన్‌ని చూస్తే చూడనట్టు పోతాం.

తిరిగొచ్చాక మా నాన్నగారికి తాతగారి జవాబు చెప్పాను. నెలకి పది రోజులు, సభ్యులే నడుపుకునే సంఘం, అన్నీ వివరంగా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అలాంటిది మన ఊళ్ళో ఉంటే నేనూ వెళ్ళేవాణ్ణిరా. డబ్బు కోసం కాదనుకో" అన్నారు. ఓ నిమిషం ఆగి, "డబ్బుకి కూడా" అన్నారు.

ఈ ఎపిసోడ్ ఇంతటితో ముగిస్తాను. మీ వీధిలో ఒక సైకిల్ స్టాండు తాతగారు ఉండే ఉంటారు. కారణం మీరే కల్పించుకోకుండా ఒకసారి ఆయన్నే అడగండి.